అధ్యక్షుల ద్వారా అడిగిన ప్రశ్న

నేను అడిగిన ప్రశ్నలో ఒక్క తప్పు మాట కూడా లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలా నెలలపాటు నేను దీని చాటునే తలదాచుకున్నాను. గొంతు పెంచలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ నిందించలేదు. ప్రాజెక్టుల సమీక్ష కోసం పెట్టిన ఆన్‌లైన్ సమావేశంలో, అధ్యక్ష స్థానంలో ఉన్న మా విభాగాధిపతిని ఉద్దేశించి, ప్రయోగశాలలోని కంపైలర్‌ను విద్యార్థులు ఇళ్లలో వాడుకోవడానికి కళాశాలకు లైసెన్స్ ఉందా అని మాత్రమే అడిగాను. పట్టుమని పావు నిమిషం పట్టలేదు. ఆ నెలాఖరుకు ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఆయన భేస్తాన్‌లో మా గల్లీలోనే, మా ఇంటి నుంచి తొమ్మిదో తలుపులో ఉండేవాడు. ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని.

మా గల్లీలో సగానికి పైగా ఇళ్లు మరమగ్గాల మీద బతికేవే. మగ్గాలను మా వాళ్లు సాంచాలు అంటారు. తాతల నాడు తెలంగాణ నుంచి ఈ గుజరాతీ ఊరికి వచ్చిన కుటుంబాలు. మగవాళ్లు కార్ఖానాలకు, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పనికి. ఆ గల్లీ నుంచి మొదటిసారి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాడు అన్న. చదివాక మా కళాశాలలోనే, ఏడాదికోసారి కొనసాగించే కాంట్రాక్టు మీద, ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు. ఇంజనీరింగ్ ప్రవేశానికి నా దరఖాస్తు నింపింది ఆయనే. నాయినను కూర్చోబెట్టి, ఆడపిల్లకు ఇంత దూరం చదువెందుకన్న అనుమానాన్ని రెండు ఆదివారాల్లో కరిగించింది కూడా ఆయనే. మొదటి రోజు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. దిగబోయే ముందు ఆయన ఒక ఒప్పందం చేశాడు.

"కాలేజీల నేను సర్‌ను, గల్లీల అన్నను. బస్సుల మాత్రం ఎవలకు ఎవలం కాము, టికెట్ ఎవలది వాళ్లే."

ఆ మాట అన్నాడే గానీ బస్సులో ఎన్నడూ నన్ను టికెట్ తీయనివ్వలేదు.

కోవిడ్ రెండో ఏడాది నా చివరి సంవత్సరం. మధ్యలో కొన్ని వారాలు తెరిచిన కళాశాల మళ్లీ మూతపడింది. నేను ఎంచుకున్న ప్రాజెక్టు మా ఇంటి బువ్వకు సంబంధించినదే. సాంచా మీద పడుగు పోగు ఒకటి తెగితే, వెంటనే ఎవరైనా చూసి ఆపకపోతే, బట్టలో గీత పడుతుంది. కార్మికులు చాలామంది ఊళ్లకు వెళ్లిపోవడంతో నాయిన మునుపటి కంటే ఎక్కువ సాంచాలు చూడాల్సి వచ్చేది. పోగు తెగగానే పోగు మీద వేలాడే సన్నని ఇనుప రేకు కిందికి జారుతుంది. అది తాకిన సంగతిని ఒక చిన్న చిప్పు గమనించి మోటారును ఆపెయ్యాలి. ఇదీ నా పరికరం. పాత సాంచాలకు కూడా తక్కువలో బిగించుకోగలగాలన్నది నా పట్టుదల.

చిప్పుకు మన భాష తెలియదు. మనం రాసిన కోడ్‌ను దానికి అర్థమయ్యే అంకెలుగా మార్చేది కంపైలర్. అది లేకుంటే ఎంత కోడ్ రాసినా కాగితం మీది మాటే. మా ల్యాబ్‌లో ఉన్నది కొనుక్కున్న కంపైలర్. ఆ గదిలోని కంప్యూటర్లకు మాత్రమే అనుమతి ఉన్నది. గదికి తాళం పడింది. ప్రాజెక్టులు సమర్పించడానికి నెల రోజులు కూడా లేవు. తరగతిలో అరవై మందికి పైగా ఉన్నాం, అందరం కాగితం మీదే ఆగిపోయాం.

ఒక మధ్యాహ్నం అన్న నుంచి నాకొక లింకు వచ్చింది. దాని కింద రెండు వాక్యాలు: "చెల్లె, గిది పని చేస్తాందో లేదో నువ్వు ముందు చూసి చెప్పు. మంచిగుంటే అందరికి పంపుత." అది ల్యాబ్ కంపైలరే. అనుమతి అడిగే భాగాన్ని తీసేసిన ప్రతి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను, పని చేసింది, పని చేస్తోందని జవాబిచ్చాను. గంటలో ఆ లింకు తరగతి బృందానికి చేరింది. ప్రాజెక్టు అయిపోగానే తీసేయండని ఆయన దాని కింద రాశాడు.

కాబట్టి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. అడగడానికి నాలుగు రోజుల ముందే తెలుసు. ఈ కథలో నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదొక్కటే.

నేను కళాశాల డిబేట్ జట్టులో మూడేళ్లు ఉన్నాను. అక్కడ నేర్చుకున్న వాటిలో నాకు అన్నింటికంటే నచ్చిన నియమం, ప్రత్యర్థితో నేరుగా మాట్లాడకూడదన్నది. ఏం చెప్పాలన్నా అధ్యక్షుల ద్వారా చెప్పాలి. ఎదుటివాడి కళ్లలోకి చూసి 'నువ్వు' అంటే మార్కులు పోతాయి. ఆ నియమం కోపాన్ని చల్లారుస్తుందని, వాదాన్ని మనిషి మీది నుంచి విషయం మీదికి మళ్లిస్తుందని మాకు చెప్పారు. నేను నమ్మాను. మూడేళ్లలో అది నాకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో అన్నం మెత్తబడితే కూడా అమ్మతో నేరుగా అనకుండా నాయినతో చెప్పేదాన్ని. "దీనికి జడ్జి లేకుంటే మాట రాదు" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఏడాది మొదట్లోనే నేను ఒక పోటీలో దొంగ సాఫ్ట్‌వేర్ వాడకం దొంగతనమేనన్న పక్షాన వాదించి గెలిచాను. పేదవాడి అవసరం కూడా ఇతరుల శ్రమను అప్పనంగా తీసుకోవడానికి కారణం కాజాలదని చెప్పాను. ఆ వాక్యం చప్పట్లు తెచ్చింది. అలాంటి నేను నా యంత్రంలోనే అలాంటి ప్రతిని పెట్టుకుని నాలుగు రోజులు పని చేశాను. రోజూ ఉదయం తెరిచేటప్పుడు నా చప్పట్లు నాకు వినిపించేవి. దాన్ని తీసేసి ఊరుకోవచ్చు. లేదా తొమ్మిది తలుపులు నడిచి వెళ్లి, అన్నా, ఇది సరైన పనేనా అని అడగవచ్చు. గల్లీ చివర కోవిడ్ కట్టడికని వెదుళ్లు కట్టి దారి మూసేశారు గానీ, ఆయన ఇల్లు వెదుళ్లకు ఇవతలే ఉంది.

నేను సమావేశం కోసం ఆగాను.

ఆ రోజు బయటి నుంచి ఒక అతిథి వచ్చారు, పరిశ్రమలో పెద్ద హోదాలో ఉన్నవారు. ప్రాజెక్టులన్నీ విన్నాక ప్రశ్నలుంటే అడగండన్నారు. నేను అధ్యక్షుల అనుమతి కోరి నా ప్రశ్న అడిగాను. విభాగాధిపతి ముఖం తెర మీద కదలకుండా నిలిచిపోయింది. నెట్ ఆగిందేమో అనుకున్నాను, ఆగలేదు. అతిథి నవ్వుతూ, ఈ వయసులో ఇలాంటి ప్రశ్న అడిగే విద్యార్థులు అరుదని, ఇది చాలా మంచి ప్రశ్నని మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలిగింది. ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను: మెడ వెనక వెచ్చగా అయింది, కప్పు అందుకున్నప్పటిలా. ఆ సమావేశాన్ని తెర వెనక నుంచి నడిపిస్తున్నది అన్నే. ఆయన కెమెరా ఆపేసి ఉంది. ఆయన పేరు రాసి ఉన్న నల్లటి గడి నా గడికి సరిగ్గా కింద ఉంది.

సాయంత్రానికి లింకు మాయమైంది. విభాగం నుంచి ఒక ప్రకటన వచ్చింది: అనుమతి లేని సాఫ్ట్‌వేర్ పంపిణీతో కళాశాలకు సంబంధం లేదని, బాధ్యుల మీద చర్య ఉంటుందని. తరగతి బృందంలో నాకు 'జడ్జి సాహెబ్' అని పేరు పడింది. ప్రాజెక్టులు ఇప్పుడు దేంతో చెయ్యాలో కూడా తీర్పు ఇవ్వండి జడ్జి సాహెబ్ అని ఒకరు రాస్తే దాని కింద ఇరవై నవ్వు బొమ్మలు పడ్డాయి. పెద్ద ఇళ్ల పేట అడాజన్‌లో ఉండే నా డిబేట్ స్నేహితురాలు మాత్రం ఫోన్ చేసి, నువ్వు నీ మాట మీద నిలబడ్డావు, నిలబడే వాళ్లను లోకం ఇలాగే అంటుందని ఓదార్చింది. ఆ ఓదార్పును నేను రెండు రోజులు పట్టుకుని వేలాడాను.

మూడో రోజు అమ్మ బిందెతో నీళ్లు తెస్తూ గడపలోనే ఆగిపోయింది.

"ఏందే, అన్నను వచ్చే నెల నుంచి రావద్దన్నరట? మీ కాలేజీల ఏం లొల్లి అయింది?"

ఏదో సాఫ్ట్‌వేర్ గొడవ అన్నాను.

"నువ్వే ఏందో అడిగినవట గదా. వాళ్లమ్మ ఏడుసుకుంట చెప్పింది. ఆ పిల్లగాడు మాత్రం, చెల్లెకు తెల్వక అడిగింది, దాన్నేం అనకుండ్రి అన్నడట."

తెలియక అడిగింది. ఆ రెండు మాటలు నాకు ఆశ్రయమయ్యాయి. ఆయన నన్ను నమ్మాడు. లింకు పని చేస్తుందా లేదా అని చూసి చెప్పడమే తప్ప, దాని వెనక ఏముందో నాకు తెలియదని ఆయన అనుకున్నాడు. గల్లీ అంతా అలాగే అనుకున్నది. అమ్మ, ఆయన అమ్మ ఎప్పటిలాగే మధ్యాహ్నాలు మా ఇంట్లో చాప పరుచుకుని, ముఖాలకు గుడ్డలు కట్టుకుని, చీర మీద రాళ్లు అతికించేవాళ్లు. ఆ పెద్దమ్మ నన్ను చూసి ఒక్క మాట అనేది కాదు. బిడ్డా, ఆ డబ్బా ఇటు అందియ్యి అనేది, అందించేదాన్ని. ఆవిడ ఒక్క నిష్ఠురం ఆడినా నాకు ఎదురు చెప్పే అవకాశం వచ్చేది.

అప్పుడు ఉచిత కంపైలర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. అరవై మందికి నేను పోగొట్టినదాన్ని నేనే, ఈసారి న్యాయంగా, తెచ్చి ఇవ్వాలనుకున్నాను. నాయిన రాత్రి పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి పగలు పడుకునేవాడు. ఉన్నది ఒక్కటే గది. అందుకని మేడ మీదికి వెళ్లే మెట్ల మీద కూర్చునేదాన్ని. ఫోన్ నెట్‌కు అక్కడే కాస్త అందేది.

మొదట దొరికినది ఒక కంపెనీ పరీక్ష కోసం ఇచ్చే ప్రతి. అది ఉచితమే గానీ కోడ్ ఒక హద్దు దాటితే మొరాయిస్తుంది. నా కోడ్ దానికి రెండింతలుంది. రెండోది వివరాలు నింపమని, ఉద్యోగి ఈమెయిల్ ఇవ్వమని అడిగింది. లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు రాస్తే సరిపోయేది. ఒకసారి అబద్ధం రాయడానికి వేళ్లు సిద్ధమయ్యాయి కూడా. అంత చేశాక ఇప్పుడు అబద్ధమా అనుకుని ఆగాను. మూడోది తెరిచి, దాని లైసెన్స్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పోటీకి ముందు సాక్ష్యాలు చదివినట్టు చదివాను. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి చేసి, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని వదిలిపెట్టినది. దానికి కిటికీలు, బొత్తాలు లేవు. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. ఎక్కించడానికే రెండు రోజులు పట్టింది.

నా కోడ్ ఇచ్చాను. వంద దాకా తప్పులు చూపింది. చిప్పు కాళ్లను, అంటే పిన్నులను, ల్యాబ్ కంపైలర్ ఒక రకం పేర్లతో పిలిస్తే, ఇది మరొక రకంగా పిలుస్తుంది. ఒక్కొక్క పేరూ మార్చుకుంటూ పోయాను. చివరికి తప్పులు సున్నా అయ్యాయి. చిప్పు చేతిలో లేదు కాబట్టి సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోనే చిప్పులా నటించే ఇంకొక ఉచిత సాధనంలో, పరీక్షించాను. పోగు తెగినట్టు సంకేతం ఇస్తే మోటారు ఆగింది. తెగకపోతే తిరిగింది. ఇరవై సార్లు చూశాను, ఇరవై సార్లూ ఆగింది. మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇతరులు కూడా వాడుకునేలా ఒక వివరణ పత్రం రాసి తరగతికి పంపాలనుకున్నాను. పంపే ముందు తెలిసినవాళ్లెవరైనా ఒకసారి చూడాలి. నాకు తెలిసిన తెలిసినవాడు ఒక్కడే.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తొమ్మిదో తలుపు దాకా నడిచాను. అన్న గడప లోపల స్టూలు మీద కూర్చుని ఎవరిదో రేడియో విప్పి పెట్టుకున్నాడు. నేను గడప బయట నిలబడ్డాను. ఇద్దరికీ మాస్కులు. ఆ రోజుల్లో దూరంగా నిలబడటానికి ఒక గౌరవమైన కారణం ఉండేది, అందుకు నేను కృతజ్ఞురాలిని. ఆయన ల్యాప్‌టాప్‌ను అందుకుని, కింద పెట్టుకుని, నా కోడ్ మొదటి నుంచి చదివాడు. చాలాసేపు చదివాడు.

"మీ నాయిన కార్ఖానకు ఎన్నడన్న పోయినవా?"

చిన్నప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లానన్నాను.

"సాంచా నడుస్తుంటే ఏమైతది?"

బట్ట నేస్తుంది అన్నాను. ఆయన కళ్లు కొంచెం నవ్వాయి.

"అదురుతది, చెల్లె. నేల అదురుతది, గోడ అదురుతది, తాగే నీళ్లు గ్లాసుల అదురుతయి. నీ సిమ్యులేటర్‌ల ఏమన్న అదురుతాందా?"

అదరడం లేదు. అదురుకు కూడా రేకు ఒక క్షణం తాకి విడిపోతుంది. అందుకే నేను కోడ్‌లో కొంతసేపు వేచి చూసే భాగం పెట్టాను: తాకిన తరువాత ఏమీ చెయ్యకుండా ఒకటి నుంచి వేల దాకా లెక్కపెట్టి, అప్పటికీ తాకే ఉంటేనే మోటారు ఆపాలి. ల్యాప్‌టాప్‌ను గడప మీదికి జరుపుకుని, ఆయన చెప్పినట్టు సిమ్యులేటర్‌లో సంకేతాన్ని అదురుతున్నట్టు తాకించి, వదిలించి చూశాను. తాకిన ప్రతిసారీ మోటారు ఆగిపోయింది. నా పరికరం బిగించి ఉంటే నాయిన సాంచా రోజంతా ఆగుతూనే ఉండేది.

కంపైలర్ తయారుచేసిన ఆదేశాల జాబితాను ఆయన తెరిపించాడు. వేచి చూసే భాగం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేను రాసిన వరుసలు మాయమయ్యాయి. ల్యాబ్‌లోని కంపైలర్ ఆ లెక్కపెట్టడాన్ని అలాగే ఉంచేసేది. ఇది, లెక్కపెట్టి ఏ ఫలితాన్నీ వాడుకోవడం లేదు కాబట్టి దండగ పని అనుకుని తీసేసింది. దానికి వేచి ఉండటమంటే తెలియదు. ఆ చోట ఒక్క మాట చేరిస్తే, దీన్ని ముట్టుకోకు అన్నట్టు, అది దాన్ని ఉన్నట్టే ఉంచుతుందని ఆయన చూపించాడు. చేర్చాం. అదురుకు మోటారు ఆగలేదు, పోగు తెగితే ఆగింది. ఇంకా రెండు సూచనలు చెప్పాడు, రాసుకున్నాను. పత్రం మీద ఆయన పేరు కూడా పెడతానన్నాను. వద్దన్నాడు, మళ్లీ లొల్లి ఎందుకన్నాడు.

వెనుదిరిగాను. అప్పుడు, రేడియో వైపు చూస్తూనే అన్నాడు.

"నువ్వు అడిగింది తప్పని నేననను. గని నన్ను అడగాల్సింది, చెల్లె. తొమ్మిది ఇండ్ల దూరమే గదా."

మూడేళ్లు నన్ను గెలిపించిన నియమానికి ఎవరూ ఇవ్వని జవాబు అది. అధ్యక్షుల ద్వారా మాట్లాడే నియమం ఇద్దరు సమానుల మధ్య కోపాన్ని చల్లారుస్తుందేమో. ఒకడి బువ్వ అధ్యక్షుల చేతిలో ఉన్నప్పుడు అది ఏం చేస్తుందో మాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అన్నీ అడిగేదాన్నని పేరు తెచ్చుకుని కూడా. నాకు తెలిసే అడిగానని చెప్పడానికి అదే సరైన క్షణం. చెప్పలేదు. సరేనన్నా అని వచ్చేశాను.

వివరణ పత్రం తరగతికి పంపాను. మొదటి పేజీలో నా పేరు ఒక్కటే. వారం తిరిగేసరికి దాదాపు అందరి ప్రాజెక్టులూ కదిలాయి. జడ్జి సాహెబ్ అన్నవాళ్లే కృతజ్ఞతలు రాశారు. అన్నకు ఉద్యోగం తిరిగి ఇప్పించడానికి ఇదే దారి అని నాకు తోచింది. విభాగాధిపతికి రెండు పేజీల లేఖ రాశాను. ల్యాబ్‌లో ఇకపై ఉచిత కంపైలర్‌నే వాడితే లైసెన్స్ సమస్యే రాదని, దాన్ని విద్యార్థులకు నేర్పగలిగిన అనుభవం ఒక్కరికే ఉందని, ఆ ఒక్కరి సేవలను కొనసాగించాలని, ఆధారాలతో, క్రమంలో, అభ్యంతరాలకు ముందే జవాబులతో రాశాను. నేను రాసినవాటిలో అంత పకడ్బందీ వాదం మరొకటి లేదు.

విభాగాధిపతి నన్ను ఆన్‌లైన్‌లో పిలిచారు. గుజరాతీ, హిందీ కలిపి ఎంతో ఆదరంగా మాట్లాడారు. ఈ సలహా కొత్తది కాదని, ఇదే సంగతి ఆ ల్యాబ్ అసిస్టెంట్ రెండేళ్ల కిందటే రాసిచ్చాడని చెప్పి, ఫైల్లోని కాగితాన్ని తెర మీద చూపించారు. అరపేజీ లేదు. లైసెన్స్ గదికే పరిమితమని, పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసం చెయ్యలేకపోతున్నారని, ఉచిత సాధనాలు ఉన్నాయని, అనుమతిస్తే తాను నేర్చుకుని నేర్పుతానని. కింద ఆ చేతిరాత నాకు తెలిసినదే; నా దరఖాస్తు నింపిన చేతిరాత. సిలబస్‌లో లేదు కాబట్టి అప్పుడు వీలుపడలేదని విభాగాధిపతి అన్నారు. ఇప్పుడు మాత్రం అమలు చేస్తామన్నారు. పైగా నా పత్రం అంత వివరంగా ఉన్న తరువాత విద్యార్థులు తమంతట తామే ఎక్కించుకుంటున్నారు గనుక, ఆ కాంట్రాక్టు పోస్టును భర్తీ చేయాల్సిన అవసరం కూడా కనబడటం లేదని, ఇదంతా నా చొరవ వల్లేనని అభినందించారు.

నేను ధన్యవాదాలు సర్ అన్నాను. అలవాటుగా అన్నాను. తెర ఆగిపోయాక ఆ మాట గదిలో చాలాసేపు ఉండిపోయింది.

అన్న అడగాల్సినవాళ్లనే, అడగాల్సిన పద్ధతిలో, నా కంటే రెండేళ్ల ముందు అడిగాడు. జవాబు రాలేదు. నాకు ఎందుకు వచ్చిందంటే, నేను అడిగినప్పుడు అతిథి ఉన్నారు. నేను దొంగతనం అన్న పని, మూసేసిన తలుపు ముందు నిలబడ్డ మనిషి చేసిన పని. ఇప్పటికీ దాన్ని నేను ఒప్పు అనలేను. నా వాదంలోని ఆ ముక్క మారలేదు. కానీ నేను దాన్ని ఎరిగినదాన్నీ, చూసి చెప్పినదాన్నీ, వాడుకున్నదాన్నీ. అడిగిన రోజున మాత్రం నేనేమీ ఎరగనట్టు అమాయకపు గొంతుతో అడిగాను.

రెండు రోజుల తరువాత అన్నకు ఊరి బయట పల్సానాలో బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో పని దొరికిందని అమ్మ చెప్పింది. మోటార్లు, స్విచ్చుల మరమ్మతు, పన్నెండు గంటల పాళీ. పిల్లలకు చెప్పే పని కాదు. ఆ మధ్యాహ్నమే వెళ్లాను. ఆయన భోజనం డబ్బా బండికి తగిలిస్తున్నాడు. వాళ్ల అమ్మ గడపలో కూర్చుని ఉంది.

విభాగాధిపతి చెప్పినదంతా చెప్పాను. నా పత్రం వల్ల ఆ పోస్టే పోయిందని చెప్పాను. ఆయన విని, ఆ పాత కాగితం ఇంకా ఫైల్లో ఉందా అని అడిగాడు. ఉందన్నాను. తలూపాడు.

"పత్రంల ఆ లెక్కపెట్టే ముచ్చట రాసినవా? అది రాయకుంటే అందరు ఆడనే ఆగుతరు."

రాశానన్నాను. హెల్మెట్ అందుకున్నాడు. నేను దారి మీద నిలబడే ఉన్నాను. ఇంట్లో ఒక వాక్యం సిద్ధం చేసుకుని వచ్చాను. సందర్భం, కారణాలు, నా పరిమితులు అన్నీ ఉన్న పెద్ద వాక్యం. అది గుర్తుకు రాలేదు. ఆయన కళ్లలోకి చూశాను.

"అన్నా, నేను తెల్వక అడగలే. నాకు ముందే ఎరుక. ఎరుకుండే అడిగిన."

వాళ్ల అమ్మ తల ఎత్తింది. అన్న హెల్మెట్‌ను చేతిలోనే పట్టుకుని, దాని పట్టీ సరిచేస్తూ నిలబడ్డాడు. నేను లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు; ఇరవై దాటింది.

"ఎరుకే," అన్నాడు. "లింకు పని చేస్తాందని చెప్పింది నువ్వే గదా. తెల్వక అడిగిందని చెప్పకుంటే అమ్మ నీ మొఖం చూడకపోతుండె."

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు, తిరిగి రానూ లేదు.

"జర జరుగు చెల్లె, పాళీకి ఆలస్యమైతాంది."

జరిగాను. బండి గల్లీ చివరి వెదుళ్ల దగ్గర ఆగింది. ఆయన దిగి, కట్టిన వెదురు ఒకటి పక్కకు తీసి, బండిని దాటించి, దాన్ని మళ్లీ ఉన్న చోటే పెట్టి వెళ్లాడు. మరునాడు మధ్యాహ్నం మా ఇంట్లో చాప మీద అమ్మ ఒక్కతే కూర్చుని రాళ్లు అతికించింది. డబ్బా అందియ్యమని నన్ను ఎవరూ అడగలేదు.